ఆకురాయి

షెఫీల్డ్‌లో, డాన్ నది ఒడ్డున,
మా ఆఫీసున్న ఎర్రిటుకల మేడలో
నూరేళ్లపాటు ఆకురాళ్లు చేశారట.
ఇంగ్లీషులో దాన్నీ ఫైలే అంటారు.
ఇప్పుడు మేమూ ఫైళ్లే చేస్తాం,
చేతికి మసి అంటదు, అంతే తేడా
అనుకునేదాన్ని, ఫిబ్రవరి దాకా.

నా ఉద్యోగం చెబితే మా పిన్ని నవ్వుతుంది.
కోడు రాసే ఏజెంటు ఒకటుంది,
దాని చేతికి పనిముట్లు ఇస్తాం,
ఒక్కోదాని మీద నాలుగు ముక్కలు నేను రాస్తాను:
ఇది ఎందుకు, ఎప్పుడు, ఏమిస్తే ఏమొస్తుంది.
"ఉప్పు డబ్బాకి చీటీ అంటించడమా?"
అదే పిన్నీ. కాకపోతే ఈ వంటవాడికి
నాలుక లేదు. చీటీ తప్ప దిక్కు లేదు.

ఆ బుధవారం,
కూరగాయల మడి కోసం నగరపాలిక దగ్గర
పేరు రాయించుకున్నవాళ్ల జాబితా,
నాలుగు వందల పన్నెండు మంది,
కొందరు తొమ్మిదేళ్లుగా.
రుసుము కట్టినవాళ్ల బాకీ చెల్లిందని
గుర్తు పెట్టే పనిముట్టు ఒకటి చేసి
కింద ఒక్క ముక్క రాశాను:
జాబితా క్లియర్ చేస్తుంది.
బస్సు వేళయింది. మాట పొట్టిగా, ముద్దుగా ఉంది.

క్లియర్ అంటే బాకీ తీరడం, నాకు.
బల్ల మీద ఏమీ మిగలకపోవడం, దానికి.
అడగాలన్న అనుమానం పుట్టే సందు
నా వాక్యంలో ఎక్కడా లేదు.
పదకొండు సెకన్లు.
తర్వాత ఎంతో మర్యాదగా
"పని పూర్తయింది" అంది.

రాత్రి బస్సులో నా భాషని నెమరేసుకున్నాను,
మన దగ్గర ఇంత గందరగోళం లేదు కదా అని.
తలుపు తీయి. ఫొటో తీయి. పేరు తీసెయ్.
కునుకు తీయి, రాగం తీయి, గొయ్యి తీయి,
ప్రాణం తీయకు.
మనమూ తక్కువేం తినలేదు.
మనిషికైతే ముందున్న మాట చెబుతుంది,
మాట చెప్పకపోతే మొహం చెబుతుంది.

బ్యాకప్ నుంచి నాలుగు వందల తొమ్మిది పేర్లు తిరిగొచ్చాయి.
ఆ మధ్యాహ్నమే చేరిన మూడు రాలేదు.
వాళ్లే ఫోన్ చేసేదాకా
వాళ్లెవరో మాకు తెలీదు.

శుక్రవారం ఒకాయన చేశాడు, స్టానిఫోర్త్,
ఎనభై ఒకటో ఏట
తొమ్మిదేళ్ల క్యూలో నిలబడ్డ మనిషి.
తప్పు నాదని చెప్పాను.
ఎక్కడ కూర్చుని చేశానో కూడా చెప్పాను.
"ఆ మేడా? పదిహేనో ఏట చేరానక్కడ.
రెండో అంతస్తు, కిటికీ పక్క."
అది నా చోటు. ఆ సంగతి చెప్పలేదు.

"ఆకురాయి దేనికో ఎవడైనా చెబుతాడు, లవ్"
(ఇక్కడ అందరూ అందరినీ అనే లవ్)
"దేనికి కాదో చెప్పాలి కొత్తవాడికి.
అది గట్టిది, అందుకే పెళుసు.
డబ్బా మూత దాంతో మీటావో
పుటుక్కున విరిగి కంట్లోకొస్తుంది.
మా మేస్త్రీ మొదటి రోజు అదొక్కటే చెప్పాడు,
తన గాజు కన్ను తీసి చూపించి."

సోమవారం తిరగరాశాను.
ఇది ఒకరి బాకీ చెల్లిందని గుర్తు పెడుతుంది.
పేర్లను ముట్టుకోదు.
ఒకసారికి ఒక్కరే; అందరికీ కావాలంటే
ఆగు, మనిషిని అడుగు.
పేరు తొలగించాలంటే ఇది కాదు,
దానికి వేరే పనిముట్టుంది,
అది తొలగించినది తిరిగి రాదు.
ఇమోజెన్ చదివి, "మరీ చాదస్తంగా లేదూ?" అంది.
ఉంది. ఉండనీ.

స్టానిఫోర్త్ నంబరు నాలుగు వందల పది.
పదకొండు నిన్న దొరికింది,
కవలల తల్లి, వెనక రెండు ఏడుపులు.
ఆఖరి గడి ఖాళీగా ఉంచాను.
ఈ ఊళ్లో ఎవరో చిక్కుడు విత్తనాలు కొనుక్కుని
తన పేరు మా దగ్గర భద్రంగా ఉందనుకుంటున్నారు.

ఫోన్ మోగితే ఇప్పుడు
నేనే ముందు తీస్తున్నాను.